గాజు వెనక చేప, గుప్పిట్లో కెమెరా

సినిమా పుట్టినరోజునే చేప కూడా తెరకెక్కింది. 1895 డిసెంబరు 28న ప్యారిస్‌లోని గ్రాండ్ కెఫేలో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపించిన పది చిట్టి చిత్రాల్లో ఒకటి ఎర్రచేపలది. గుండ్రటి గాజుపాత్రలో చేపలు, అందులో చెయ్యి పెట్టి వాటిని పట్టుకోవాలని చూసే పసిపాప. ఆ పాప ఆగస్ట్ లూమియేర్ కూతురే. మొత్తం కలిపి నిమిషం కూడా ఉండదు. గాజు వెనక ఉన్న చేపను పట్టాలన్న కెమెరా కోరిక అంత పాతది. ఇప్పుడది జేబులో పట్టే కాంపాక్ట్ డిజిటల్ కెమెరాల దాకా వచ్చింది. ఇంట్లో చేపల తొట్టె ఉండి, దగ్గరి నుంచి పొలుసు పొలుసూ కనబడేలా ఫొటో తీద్దామని ముచ్చటపడుతున్న వాళ్ల కోసం కొన్ని విశేషాలు.

తెప్ప మీద పేలుడు

నీటి అడుగున సహజ రంగుల్లో తీసిన తొలి ఫొటో కూడా చేపదే. 1926లో ఫ్లోరిడా దగ్గరి డ్రై టోర్టుగాస్ దీవుల్లో విలియం లాంగ్లీ అనే జీవశాస్త్రవేత్త, నేషనల్ జియోగ్రాఫిక్ ఫొటోగ్రాఫర్ చార్ల్స్ మార్టిన్ కలిసి హాగ్‌ఫిష్ అనే చేపను తీశారు. ఆనాటి రంగుల ప్లేట్లకు మామూలు వెలుతురు ఏ మూలకూ చాలదు. అందుకని నీటి మీద తెప్ప కట్టి, దానిమీద మెగ్నీషియం పొడి పెట్టి పేల్చారు. ఆ ఫొటోలు ఆ పత్రిక 1927 జనవరి సంచికలో అచ్చయ్యాయి. ప్లేటు పోయి సెన్సర్ వచ్చింది గానీ చేపల ఫొటోకు మొదటి ఇబ్బంది నేటికీ అదే: వెలుతురు చాలదు. కెమెరా ఎంపికలో ఏ సందేహం వచ్చినా చివరికి ఈ మాట దగ్గరికే రావాలి.

ఇరవై మూడు సెకన్లు

1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైమాటే. తీసిన బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. ఈలోపు మగ గప్పీ తొట్టెను ఎన్ని చుట్లు చుట్టి వస్తుందో! ఆ నిదానం తర్వాతి కాంపాక్టులకూ కొంత వారసత్వంగా వచ్చింది. 2000 ప్రాంతపు కెమెరాల్లో మీట నొక్కినప్పుడు నిండుగా కనబడిన చేప, ఫొటోలోకి వచ్చేసరికి తోకై మిగిలేది. దీనికి ఆనాడూ ఈనాడూ ఒకటే విరుగుడు. మీటను సగం నొక్కి ఫోకస్‌ను కట్టి ఉంచుకోవాలి, చేప ఆ దూరానికి రాగానే పూర్తిగా నొక్కాలి. పాత కెమెరా చవగ్గా దొరికిందని సంబరపడే ముందు, మీట నొక్కాక అది ఎంతసేపు ఆలోచిస్తుందో చూసుకోండి.

ఉన్నచోట కనబడని చేప

గాజుకు 20 సెంటీమీటర్ల వెనక ఈదే చేప మనకు 15 సెంటీమీటర్ల వెనకే ఉన్నట్టు కనిపిస్తుంది. నీటి వక్రీభవన గుణకం 1.33 కావడమే కారణం. కెమెరా కూడా మనలాగే మోసపోయి ఆ కనిపించే దూరానికే ఫోకస్ చేస్తుంది కాబట్టి ఇందులో నష్టం లేదు. నష్టమల్లా పక్కవాటుగా తీసినప్పుడే. నీరూ గాజూ కలిసి పట్టకంలా రంగులను విడదీస్తాయి, చేప అంచుల వెంట ఒకవైపు నీలిగీత, ఒకవైపు ఎర్రగీత వస్తాయి. వివరం మసకబారుతుంది. లెన్స్ గాజుకు సూటిగా ఉండాలి, అంతే. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఈ నియమం నుంచి మినహాయింపు లేదు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. అద్దాల మీది ప్రతిబింబాలను చంపుతుందని పేరున్న పోలరైజర్ ఫిల్టరు, సూటిగా చూసినప్పుడు దాదాపు ఏమీ చెయ్యలేదు. దాని ప్రతాపం పూర్తిగా కనబడేది గాజుకు లంబంగా గీసిన గీత నుంచి సుమారు 56 డిగ్రీలు పక్కకు జరిగినప్పుడు. కానీ అంత పక్కకు జరిగితే పైన చెప్పిన రంగుల గీతలు తప్పవు. పైగా లోపలికి వచ్చే వెలుతురులో సగానికి పైగా ఆ ఫిల్టరే మింగేస్తుంది. దానికి పెట్టే డబ్బు మిగుల్చుకుని గదిలో లైట్లు ఆర్పండి, ముదురు రంగు చొక్కా వేసుకోండి, లెన్సును గాజుకు ఆనించండి. లెన్సు చుట్టూ మెత్తటి రబ్బరు తొడుగు ఉంటే గాజు మీద గీతలూ పడవు, బయటి వెలుతురూ దూరదు.

అద్దానికి ఫోకస్ చేసిన కెమెరా

1978లో పోలరాయిడ్ కంపెనీ ఎస్‌ఎక్స్-70 సోనార్ అనే కెమెరా తెచ్చింది. మన చెవికి అందని ధ్వనిని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టి ఫోకస్ చేసుకునేది. గబ్బిలం విద్య. అయితే చేపల తొట్టె ముందు ఆ విద్య పనికిరాదు. ధ్వని గాజుకే తగిలి తిరిగొస్తుంది, కెమెరా బుద్ధిగా అద్దానికి ఫోకస్ చేస్తుంది.

డిజిటల్ కాంపాక్టుల్లో ఎక్కువ భాగం సెన్సర్ మీద పడే బొమ్మలోని తేటదనాన్ని బట్టే ఫోకస్ వెతుక్కుంటాయి కాబట్టి గాజు వాటికి అడ్డం కాదు. గాజు మీది మరకలే అడ్డం. వేలిముద్ర, నాచు చుక్క, ఎండిన నీటిబొట్టు, వీటిలో ఏది స్పష్టంగా కనబడితే దానికే అతుక్కుపోతాయి. ఫోకస్ కోసం కెమెరా వెలిగించే చిన్న దీపాన్ని మెనూలోకి వెళ్లి ముందే ఆపెయ్యండి.

చేప కన్నూ కెమెరాయే

మనిషి కన్ను దగ్గరి వస్తువును చూడాలంటే లోపలి కటకం ఆకారం మారుతుంది. చేప కంట్లోని కటకం గోళీలా గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. అది ఆకారం మార్చుకోదు, ముందుకూ వెనక్కూ కదులుతుంది. కెమెరా లెన్సు ఫోకస్ చేసే పద్ధతీ అదే. ఇంకో సంగతి: మన తొట్టెల్లో పెరిగే చేపలకు కనురెప్పలు లేవు. ఇన్ని ఫొటోల్లో ఒక్కదానిలోనూ కళ్లు మూసుకోని మోడల్ ఇంకెక్కడ దొరుకుతుంది!

సున్నా సెంటీమీటర్ల సంగతి

కానన్ పవర్‌షాట్ ఎస్2 ఐఎస్, ఎస్3 ఐఎస్ కెమెరాల్లో 'సూపర్ మాక్రో' అనే ఏర్పాటు ఉండేది. దాని కనీస ఫోకస్ దూరం ఎంతో తెలుసా? సున్నా సెంటీమీటర్లు! వస్తువు లెన్సుకు తగులుతున్నా ఫోకస్ కుదురుతుందన్నమాట. చాలా కాంపాక్టుల పెట్టెల మీద '1 సెం.మీ. మాక్రో' అని గొప్పగా రాసి ఉంటుంది. చేపల కోసం కెమెరా కొనేవాళ్లను ఎక్కువగా బోల్తా కొట్టించేది ఈ అంకే.

ఎందుకంటే తొట్టె గాజు మందమే 5 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ వెనక చేప మన సౌకర్యం చూసుకుని గాజుకు ఆనుకుని నిలబడదు. అదీగాక ఆ సెంటీమీటరు దూరం సాధారణంగా జూమ్ లాగనప్పుడు, అంటే లెన్సు బాగా వెడల్పుగా చూస్తున్నప్పుడే వర్తిస్తుంది. జూమ్ లాగితే లెక్క మారిపోతుంది. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 మంచి కెమెరా, సందేహం లేదు. వెడల్పు కోణంలో అది 5 సెంటీమీటర్ల దగ్గరి వస్తువును పట్టగలదు, జూమ్ చివరికి వెళ్తే 55 సెంటీమీటర్లు వెనక్కి జరగమంటుంది. జూమ్ లాగకుండా దగ్గరికి పోతే మూతి పెద్దదై తోక చిన్నదై చేప కార్టూనులా వస్తుంది. కెమెరా నీడ చేప మీద పడుతుంది. చేప బెదురుతుంది కూడా.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'ఎంత దగ్గరికి వెళ్తుంది' అని కాదు, 'జూమ్ సగానికి పైగా లాగాక ఎంత చిన్న వస్తువు ఫ్రేము నిండా వస్తుంది' అని. ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబున్న కెమెరాలు తక్కువే. నికాన్ కూల్‌పిక్స్ 950, 990, 4500 మోడళ్లు ఒకప్పుడు ఇందులో పేరు మోశాయి. 1999 నుంచి 2002 మధ్య వచ్చిన ఈ కెమెరాల ఒళ్లు నడుం దగ్గర గిర్రున తిరిగేది. తెరను మీవైపు ఉంచుకుని లెన్సును తొట్టె అడుగు మట్టానికి తిప్పుకోవచ్చు, నేల మీద పడుకోనక్కర్లేదు. 950, 990లలో జూమ్‌ను సరైన చోటికి తెచ్చినప్పుడు తెర మీది మాక్రో పువ్వు గుర్తు పసుపు రంగుకు మారేది. 'ఇప్పుడు 2 సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు' అని కెమెరా ఇచ్చే సైగ అది. మెగాపిక్సెళ్లు రెండు, మూడు, మహా అయితే నాలుగు. అయినా ఆ సైగ లాంటి మర్యాద తర్వాతి కెమెరాల్లో ఎక్కువగా కనబడదు.

నేటి కాంపాక్టుల్లో ఈ పరీక్ష నెగ్గేది ఒలింపస్ టఫ్ టీజీ వరుస. 2015లో టీజీ-4, 2017లో టీజీ-5, 2019లో టీజీ-6 వచ్చాయి. 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో టీజీ-7 వచ్చింది. వీటి 'మైక్రోస్కోప్' మోడ్‌లో జూమ్ లాగినా సెంటీమీటరు దగ్గరి నుంచి 30 సెంటీమీటర్ల దాకా ఫోకస్ కుదురుతుంది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరసగా ఫొటోలు తీసి ఒక్కటిగా కలిపే సదుపాయమూ ఉంది, కానీ అది కదలని వస్తువులకు. రాతి కింద దాక్కున్న ప్లెకో మీద ప్రయత్నించొచ్చు, టెట్రాల మీద వద్దు.

ఒక అంగుళం అనే అబద్ధం

'ఒక అంగుళం సెన్సర్' ఉన్న కాంపాక్టు కొన్నవాళ్లు స్కేలు పెట్టి కొలిస్తే నివ్వెరపోతారు. అది 13.2 × 8.8 మిల్లీమీటర్లే. మూల నుంచి మూలకు 16 మిల్లీమీటర్లు. పాత టీవీ కెమెరాల్లో గాజు గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి పెట్టిన కొలత, గొట్టాలు పోయినా పేరు పోలేదు. అయినా మామూలు చిన్న కాంపాక్టుల సెన్సర్‌తో పోలిస్తే ఇది వైశాల్యంలో నాలుగింతలు. మసక వెలుతురులో ఆ తేడా కంటికి కనబడుతుంది. చిన్న సెన్సర్‌కూ ఒక సుగుణం ఉంది: దగ్గరి ఫొటోల్లో కన్నూ మొప్పా రెక్కా మూడూ ఫోకస్‌లో నిలిచే లోతు దానికి ఎక్కువ.

మెగాపిక్సెళ్ల మాట ఒక్క వాక్యంలో: ఆల్బంలో పెట్టే 6×4 అంగుళాల ప్రింటు నాణ్యంగా రావడానికి రెండు మెగాపిక్సెళ్ల పైచిలుకు చాలు.

తొట్టె లైటు మెరమెరలు

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. దానికి తగ్గట్టు చవకరకం లైట్లు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. కన్ను పట్టించుకోదు, కెమెరా పట్టించుకుంటుంది. ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు వస్తే కెమెరా పాడైందని కంగారుపడకండి. షట్టర్ వేగాన్ని సెకనులో వందో వంతుకో, యాభయ్యో వంతుకో తెస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అయితే చురుకైన చిన్నచేపను నిలిపి పట్టాలంటే 125వ వంతు నుంచి 250వ వంతు దాకా కావాలి. ఈ రెంటి మధ్య నలగడమే అక్వేరియం ఫొటోగ్రఫీ. కెమెరాలో షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకునే వీలు ఉండాలనేది అందుకే. అన్నీ తానే నిర్ణయించుకునే 'ఆటో' కెమెరా చేపల దగ్గర పనికిరాదు. టీజీ కెమెరాలు దాదాపు అన్నిటా మెచ్చదగినవే అయినా షట్టర్ వేగాన్ని మన చేతికివ్వవు. వాటిమీద నాకున్న పెద్ద ఫిర్యాదు అదే.

పొలుసుల్లో అద్దాలు

చేప పొలుసులు తళతళలాడేది గ్వానిన్ అనే పదార్థపు సన్నటి స్ఫటికాల వల్ల. ఒకదానిమీద ఒకటి పేర్చిన అద్దపు ముక్కల్లా అవి వెలుతురును తిప్పికొడతాయి. కృత్రిమ ముత్యాలకు పూసే మెరుపు పూత పూర్వం ఈ గ్వానిన్‌తోనే చేసేవారు. నియాన్ టెట్రా ఒంటిమీది నీలిగీత కూడా రంగు కాదు, ఈ స్ఫటికాల గారడీ. రాత్రి లైటార్పితే ఆ గీత వెలవెలబోతుంది. పొద్దున లైటు వెయ్యగానే ఫొటో తీస్తే పాలిపోయిన చేప వస్తుంది. కాసేపు ఆగండి, అదే తేరుకుంటుంది.

ఆ నియాన్ టెట్రా శాస్త్రీయ నామంలో 'ఇన్నెసీ' అని ఉంటుంది. 1936లో జార్జ్ మైయర్స్ ఆ పేరు పెట్టింది విలియం ఇన్నెస్ గౌరవార్థం. ఎవరాయన? అమెరికాలో అక్వేరియం పత్రిక నడిపిన ప్రచురణకర్త, చేపల ఫొటోలు తీయడంలో దిట్ట. ఎక్కువమంది ఫొటో తీయాలని తాపత్రయపడే చేప ఒక చేపల ఫొటోగ్రాఫర్ పేరే మోస్తోంది.

ఫ్లాష్ ఎక్కడ పెట్టాలి?

కెమెరా ముఖం మీద ఉండే ఫ్లాష్ సూటిగా గాజుకు తగిలి సూటిగా తిరిగొస్తుంది. ఫొటోలో చేప ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. ఫ్లాష్ ఉండాల్సిన చోటు తొట్టె పైన. ప్రకృతిలో సూర్యుడు ఉండే చోటూ అదే కదా. నీళ్లలో పడకుండా గాజు మూత మీద ఉంచాలి. పైన ఫ్లాష్ తగిలించే గాడి ఉన్న కాంపాక్టులు తక్కువే. కానన్ జీ10 నుంచి జీ16 దాకా ఉన్న జీ వరుసలోనూ, పానసోనిక్ ఎల్‌ఎక్స్100లోనూ అది ఉంది. గాడి లేకపోతే స్లేవ్ ఫ్లాష్ వాడొచ్చు. కెమెరా ఫ్లాష్ వెలగ్గానే దాన్ని చూసి ఇదీ వెలుగుతుంది. ఒక్క చిక్కు: చాలా కెమెరాలు అసలు ఫ్లాష్‌కు ముందు వెలుతురు అంచనా కోసం ఓ చిన్న మెరుపు మెరిపిస్తాయి. అది చూసి స్లేవ్ తొందరపడి ముందే వెలిగి చేతులెత్తేస్తుంది. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టే వీలుంటే ఆ మొదటి మెరుపు ఉండదు.

ఈ విషయంలో కాంపాక్టుది పెద్ద కెమెరాల మీద పైచెయ్యి. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫ్లాష్ వాడితే షట్టర్ సెకనులో 200 లేదా 250వ వంతు దగ్గరే ఆగిపోతుంది. చాలా కాంపాక్టుల్లో షట్టర్ లెన్సు లోపలే ఉండటంతో అంతకంటే ఎంతో వేగంగా వెళ్లొచ్చు.

ఫ్లాష్‌తో చేప కళ్లు పోతాయా? సముద్రపు గుర్రాలు, మరికొన్ని నేలబారు చేపల మీద జరిపిన ఒక అధ్యయనం 2019లో అచ్చయింది. ఫ్లాష్ వల్ల వాటి కళ్లకు హాని కనబడలేదని, మనిషి దగ్గరికి రావడం, తాకడమే ఎక్కువ ఇబ్బంది పెట్టిందని తేలింది. అలాగని చీకట్లో నిద్రపోతున్న చేప మీద మెరిపించకండి, ఉలిక్కిపడి గాజుకు కొట్టుకుంటుంది.

ఒక్క ఫొటోకే పట్టం

నీటిమొక్కల తొట్టెలకు జపాన్ నుంచి ఏటా ఒక అంతర్జాతీయ పోటీ జరుగుతుంది. పేరు ఐఏపీఎల్‌సీ, మొదలైంది 2001లో. న్యాయనిర్ణేతలు ఏ తొట్టెనూ వెళ్లి చూడరు, పంపిన ఫొటోనే చూసి మార్కులేస్తారు. దీన్ని పెట్టిన తకాషి అమానో తొట్టెల కళాకారుడిగా ప్రసిద్ధుడు. ఆయన వృత్తి మాత్రం ఫొటోగ్రఫీ, తొట్టెలను ఫొటో తీయడానికి వాడింది భారీ ఫిల్ము కెమెరాలు. 2015లో లిస్బన్ ఓషనేరియంలో ఆయన కూర్చిన 40 మీటర్ల తొట్టె ప్రారంభమైంది, ఆయన చనిపోయిందీ ఆ సంవత్సరమే.

హైదరాబాదు చారల చేప

అక్వేరియం షాపుల్లో అన్నిటికంటే చవగ్గా దొరికే చేపల్లో జీబ్రా డానియో ఒకటి. గంగ, బ్రహ్మపుత్ర పరీవాహకాల చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. హైదరాబాదులోని జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ పరిశోధకులు దీన్ని ప్రత్యేకంగా పెంచుతారు, ఎందుకంటే దీని పిండం పారదర్శకం. గుండె ఏర్పడటం, కొట్టుకోవడం పైనుంచే చూడొచ్చు. ఇంట్లో ఇవి గుడ్లు పెడితే వదలకండి. రెండు మూడు రోజుల్లో పిల్లలవుతాయి. కొద్ది గుడ్లను పలుచని గాజుగిన్నెలోకి తీస్తే అప్పుడు పెట్టె మీది ఆ 'సెంటీమీటరు మాక్రో' నిజంగా అక్కరకొస్తుంది.

కోట్ల నుంచి లక్షలకు

2010లో ప్రపంచమంతటా పది కోట్లకు పైగా కాంపాక్ట్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికి వెళ్లాయి. 2023 నాటికి ఆ అంకె ఇరవై లక్షల లోపుకు పడిపోయింది. ఫోను మింగేసింది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దగ్గరి వస్తువును పట్టగలదు. కానీ అందుకు అది వాడేది బాగా వెడల్పైన లెన్సును. మూతి పెద్దది, తోక చిన్నది అన్న పాత కథే మళ్లీ.

కొత్తవి తగ్గినా పాతవి దొరుకుతున్నాయి. చేపల కోసమే అయితే నా ఓటు ఇలా: తొట్టెకు మంచి వెలుతురుండి, చిన్న చేపలు, రొయ్యపిల్లలు తీయాలనుకుంటే టీజీ. ఏంజెల్, ఆస్కార్ లాంటి అరచేతి చేపలైతే ఒక అంగుళం సెన్సర్ కాంపాక్టు, అదీ జూమ్ చివర 30 సెంటీమీటర్ల దాకా దగ్గరికి రాగలది. బడ్జెట్ తక్కువైతే పాత కానన్ జీ వరుసలో ఒకటి కొని, మిగిలిన డబ్బుతో ఫ్లాష్ కొనండి. రా ఫైలు (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) ఇవ్వని కెమెరాను, ముఖ్యంగా నీలి దీపాల సముద్రపు తొట్టెలున్నవాళ్లు, ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఆ నీలాన్ని తర్వాత సరిదిద్దుకునే దారి ఉండదు.

కొనేముందు షాపులో ఒక చిన్న పని చెయ్యండి. రూపాయి నాణేన్ని కౌంటరు గాజు కింద పెట్టమనండి. లెన్సును గాజుకు సూటిగా పట్టి, జూమ్ సగానికి పైగా లాగి, నాణెం ఫ్రేములో ఎంత భాగం వస్తుందో, ఫోకస్ గాజు మీది గీతల దగ్గర ఆగకుండా నాణెం దాకా వెళ్తోందో చూడండి. నియాన్ టెట్రా అంతకంటే కాస్త పొడవు, అంతే. నాణెం మీది అక్షరాలు స్పష్టంగా రాని కెమెరాను అక్కడే పెట్టేసి రండి.